నీళ్ళ మీదికి నెట్టిన మోకాళ్ళు

ఆ పిల్ల మా పక్క మండలానికే వ్యాయామ టీచరుగా వచ్చిందని తెలిసిన రోజు నేను అన్నం సగంలో వదిలేసి చెయ్యి కడుక్కున్నాను. ఆ పిల్ల పరాయిదేమీ కాదు. పదేళ్ళ కిందట నా దగ్గరే ఫుట్‌బాల్ ఆడింది. కొనకనమిట్ల మండలంలో ఒక ఊరి హైస్కూల్లో నేను పీఈటీని. ఇరవై ఏళ్ళ నుంచీ అదే బడి, అదే ఎర్రమట్టి గ్రౌండు, మెడలో అదే ఈల. నేను నేర్పిన పిల్ల టీచరై తిరిగొస్తే గర్వపడాలి కదా. గర్వం వస్తుందేమోనని రెండు రోజులు చూశాను. రాలేదు.

దానికో కారణం ఉంది. దాచుకోవడం దేనికి, ముందే చెప్పేస్తాను. ఆ పిల్ల పదో తరగతిలో ఉండగా నా కళ్ళ ముందే మోకాలు పోగొట్టుకుంది. జిల్లా జట్టు ఎంపికకు ఇంకో వారం ఉంది. ప్రాక్టీసులో ఎవరూ తొయ్యలేదు, ఎవరి కాలూ అడ్డం రాలేదు. బంతితో పరిగెత్తుతూ పక్కకు తిరిగింది. పాదం నేల మీద అట్లాగే ఉండిపోయింది, మనిషి మాత్రం తిరిగింది. టప్పుమన్న చప్పుడు గీత బయట నిలబడ్డ నాకు కూడా వినపడింది. సాయంత్రం వాళ్ళ నాయన పొలం నుంచి నేరుగా వచ్చి, ఏమైందమ్మా అని అడిగాడు.

"నీళ్ళ దోషమన్నా," అన్నాను. "మన బోరు నీళ్ళు తాగితే ఎముకలో సత్తువ యాడుంటది?"

మా వైపు ఎవరికి మోకాలు నొచ్చినా తప్పు నీళ్ళదే. అది వట్టి మాట కూడా కాదు. బోర్లలో ఫ్లోరైడు, ఊరికి నలుగురు వంగిపోయిన ముసలివాళ్ళు, బడిలో పచ్చటి పళ్ళు, ఇవన్నీ చూస్తూనే పెరిగాం. నాకు పదిహేడేళ్ళప్పుడు మార్కాపురంలో ఒక మ్యాచ్‌లో నా కుడి మోకాలు పోతే మా నాయన కూడా నీళ్ళనే తిట్టాడు. అప్పటి నుంచి నేను మెట్లు పక్కకు తిరిగి దిగుతాను. ఆ మాటలో ఒక సుఖం ఉంది. నీళ్ళ మీదికి నెట్టేస్తే ఇంకెవరూ ఏ తప్పూ చేయనట్టే. ఇరవై ఏళ్ళలో నా చేతి కింద నాలుగు మోకాళ్ళు పోయాయి. నాలుగింటినీ నీళ్ళ మీదికే నెట్టాను.

ఆ పిల్ల ఏడాది కుంటింది. తర్వాత డిగ్రీ, వ్యాయామ విద్య కోర్సు అంటూ ఎక్కడెక్కడో చదువుకుని, చివరికి నాకు బస్సులో అరగంట దూరంలో ఉన్న బడికి వచ్చి చేరింది. ఫోన్ చేసి, "అంతా మీ ఆశీర్వాదం మేడమ్," అంది. దేవుడు నిన్ను దీవించాలమ్మా అన్నాను. నోటితో అన్నాను, అంతే.

వానలు మొదలయ్యాక, వానలంటే మా లెక్కలో రెండు జల్లులు, వాళ్ళ బడికి మా జట్టును తీసుకుని స్నేహపూర్వక మ్యాచ్‌కు పోయాం. మా పద్ధతి ఎప్పుడూ ఒకటే. గ్రౌండు చుట్టూ రెండు రౌండ్లు, చేతులు నాలుగుసార్లు తిప్పడం, గుండ్రంగా నిలబడి చిన్న ప్రార్థన, ఈల. అయిదు నిమిషాల్లో ఆట మొదలు. పొద్దున ఎండెక్కకముందు దొరికేది ఒక్క గంట. ఆ గంటలో ఆట ఆడించకుండా ఏం చేస్తాం? నాకూ అట్లాగే నేర్పారు.

వాళ్ళ పిల్లలు ఇరవై నిమిషాలు బంతి ముట్టుకోలేదు. ముందు మెల్లగా పరుగు. తర్వాత మోకాలు పైకెత్తి బయటికి తిప్పుతూ, లోపలికి తిప్పుతూ అడుగులు. మోచేతుల మీద ఆనుకుని ఒళ్ళంతా పలకలా బిగబట్టడం. జంటలుగా ఒకతి మోకాళ్ళ మీద నిలబడితే ఇంకొకతి వెనక నుంచి మడమలు పట్టుకుంటుంది. ముందున్నది నడుము వంచకుండా మెల్లగా ముందుకు ఒరగాలి. ఒంటికాలి మీద నిలబడి బంతి విసురుకోవడం. ఆఖర్న గెంతులు. ఎగరడం ఎట్లాగైనా ఎగరొచ్చట, దిగడమే ముఖ్యమట. దిగితే చప్పుడు రాకూడదు. మోకాలు వంగాలి. పాదం వేళ్ళు ఎటు చూస్తే మోకాలూ అటే చూడాలి, లోపలికి పడకూడదు.

"ఏందమ్మా ఇది, కప్పల పెళ్ళా?" అన్నాను మా పిల్లలకు వినపడేట్టు. "వాన కోసమా?"

మా పిల్లలు పడీపడీ నవ్వారు. మా అమ్మాయి ఒక్కతే నవ్వలేదు. అది తొమ్మిదో తరగతి, నా జట్టులో ముందు వరసలో ఆడుతుంది. ఇంట్లో అమ్మా అంటుంది, గ్రౌండులో అందరితో పాటు మేడమ్ అంటుంది. ఆ ఏడాది జిల్లా జట్టుకు ఎంపికవుతుందని నేనే కాదు, చూసినవాళ్ళందరూ అనేవాళ్ళు. అది ఆ గెంతుల వైపే చూస్తూ నిలబడింది.

నాకు మంటెక్కింది గెంతులు చూసి కాదు. ఆ పిల్ల వరస వెంట పోతూ ఒక్కొక్కరి ముందు గొంతుక్కూర్చుంటోంది. ముఖాలు చూడట్లేదు, మోకాళ్ళే చూస్తోంది. ఆరో తరగతి పిల్ల ఒకతి దిగితే, దాని మోకాలిని రెండు వేళ్ళతో పట్టి ఇంత బయటికి జరిపి, "ఇట్ల. ఇప్పుడు దిగు," అంది. నా పదిహేడేళ్ళప్పుడు నా మోకాలి ముందు ఎవరైనా అట్లా గొంతుక్కూర్చున్నారా? ఆ పసిదాని మీద నాకు కుళ్ళు పుట్టింది. దానికి పదకొండేళ్ళు కూడా ఉండవు. చెప్పుకోడానికి సిగ్గుగానే ఉంది.

ఆ రోజు మేమే గెలిచాం. రెండు గోల్సూ మా అమ్మాయే వేసింది. పిల్లలు సంచులు సర్దుకుంటుంటే ఆ పిల్ల నా దగ్గరికి వచ్చి, చేతులు వెనక్కి కట్టుకుని, విద్యార్థిగా ఉన్నప్పుడు ఎట్లా నిలబడేదో అట్లా నిలబడింది.

"మేడమ్, ఒక మాట. పాప ఎగిరి దిగేటప్పుడు కుడి మోకాలు లోపలికి పడతా ఉంది. ఇప్పుడే సరిచేస్తే సరిపోద్ది. ఇవే, మేం చేసేవే, ఆటకు ముందు రోజూ చేపిస్తే చాలు."

"నా కూతురి మోకాలు సంగతి నాకు తెలుసులేమ్మా," అన్నాను.

"సరే మేడమ్," అని వెళ్ళిపోయింది. కోపగించుకున్నా బాగుండేది.

ఆ తర్వాత ఆ పిల్ల పేరు వినపడని చోటు లేకుండా పోయింది. మా హెడ్‌మాస్టరు గారు పొదిలి మీటింగుకు పోయి వచ్చి, అక్కడ ఆ కొత్త టీచరమ్మ పిల్లలకు కాళ్ళు పట్టేయడాలు, బెణకడాలు తగ్గిపోయాయట, చూసి నేర్చుకోండి అన్నారు. నేర్చుకోవాలట, నా దగ్గర నేర్చుకున్నదాన్ని చూసి! ఇంటికొచ్చి పప్పుగిన్నె ఠంగుమని పెట్టాను. మా ఆయనకు ఎప్పుడూ వేళాకోళమే. "ఎవుర్ని చూసి ఏడస్తన్నావు ఈ పూట?" అన్నాడు. మా వైపు ఏడవడానికి కన్నీళ్ళే కావాలని లేదు. ఆదివారం చర్చిలో పాస్టరు గారు అసూయ గురించి ప్రసంగం చేస్తే నేను పక్కామె వైపు చూశాను, ఆమెకే చెప్తున్నట్టు.

ఒక్క ఆశ మిగిలింది నాకు. నీళ్ళు. వాళ్ళ బడికి మంచి నీళ్ళు వస్తుండాలి, ఏదో మినరల్ ప్లాంటు పెట్టించుకుని ఉండాలి, అందుకే ఆ మోకాళ్ళు నిలబడుతున్నాయి. కప్పగంతుల మహిమ కాదు. మా బడికి ట్యాంకరు తోలే అన్నను ఆపి అడిగాను, ఆ బడికి నీళ్ళు ఎవరు పోస్తారని.

"నేనే మేడమ్. మీకు పోసినాక తిన్నగా ఆడికే పోతా."

"వేరే బోరువా?"

"వేరే బోరు యాడుంది మేడమ్? అయ్యే నీళ్ళు. మీకు సగం, వాళ్ళకు సగం."

ట్యాంకరు గేటు దాటిపోయేదాకా అక్కడే నిలబడ్డాను. అవే నీళ్ళు. మరి ఆ నాలుగు మోకాళ్ళు? అందులో ఒకటి ఆ పిల్లదే. నాకు ఆ నిమిషంలోనే అంతా అర్థమైంది, అర్థం కాలేదని చెప్తే అబద్ధం. ఒళ్ళు వేడెక్కకుండా, కండను సిద్ధం చేయకుండా, దిగడం నేర్పకుండా పిల్లల్ని ఆటలోకి తోలింది నేను. అర్థమయ్యాక మనిషి ఏం చేయాలి? మర్నాడు నేను గ్రౌండు చుట్టూ రెండు రౌండ్లు కొట్టించి, చేతులు నాలుగుసార్లు తిప్పించి, ప్రార్థన చేయించి, ఈల వేశాను. ఆ పిల్ల చెప్పింది నేను చేస్తే ఇరవై ఏళ్ళూ నేను చేసింది తప్పని అందరికీ తెలిసిపోతుంది. అందరికీ అంటే ఆ పిల్లకే.

మా అమ్మాయి ఒక్కసారే అడిగింది. నేను జామకాయలు కోస్తున్నాను, అది పక్కన కూర్చుని ఉప్పూ కారం కలుపుతోంది.

"మా, ఆ మేడమ్ వాళ్ళు చేసేవి మనం కూడా చేద్దామా? ఇరవై నిమిషాలే కదా."

"ఏం, మీ అమ్మ చెప్పింది చాలట్లేదా?"

"అట్ల కాదు మా."

"ఎట్లనో నాకు తెలుసులే. పో, ఆ మేడమ్ దగ్గరికే పో. ఆ బడిలోనే చేరిపో. నాకు మాత్రం ఎవరున్నారు, అందరూ అటే పోండి."

కత్తి పక్కన పెట్టేసి లోపలికి పోయాను. ఏడ్చాననే అనుకుంటాను, ఈసారి కన్నీళ్ళతోనే. అది కాసేపాగి జామముక్కలు గిన్నెలో వేసి తెచ్చి నా ముందు పెట్టింది. మళ్ళీ ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు. చెప్పిన మాట విన్నదని నేను మురిసిపోయాను కూడా.

దసరా ముందు నుంచి అది పొద్దున్నే బడికి పోవడం మొదలుపెట్టింది. నేను స్కూటీ మీద ఏడింటికి పోతే, అది ఆరింటికే సైకిలెక్కేది. అందరూ ముందే వచ్చి కాసేపు చదువుకుంటున్నారు అంది. ఆడపిల్లలు తమంతట తాము చదువుకుంటామంటే కాదనేదాన్ని కాదు నేను. నేను పోయేసరికి అందరూ వరండాలో పుస్తకాలు పట్టుకుని కూర్చుని ఉండేవాళ్ళు. ముఖాల మీద చెమట. ఉక్కగా ఉంది కాబోలు అనుకున్నాను.

సంక్రాంతి దాటేసరికి నా జట్టు మారింది. పిల్లలు తేలిగ్గా పరిగెత్తుతున్నారు. ఎగిరి బంతిని తలతో కొట్టి మెత్తగా దిగుతున్నారు. వేగంగా పోతూ ఠక్కున ఆగుతున్నారు. అంతకుముందు రోజుకొకతి చీలమండ పట్టుకుని కూర్చునేది, అదీ లేదు. చూశారా, కప్పల పెళ్ళిళ్ళు లేకుండానే, అని స్టాఫ్‌రూములో నలుగురి ముందు అన్నాను. మా అమ్మాయి మాత్రం ఎప్పటిలాగే దబ్బున దిగుతోంది. పొడుగు పెరుగుతోంది కదా, కాళ్ళు ఇంకా కుదురుకోలేదు అని సర్దిచెప్పుకున్నాను.

జిల్లా జట్టును ఎంపిక చేసే పోటీలు పొదిలిలో పెట్టారు. మా మ్యాచ్ వాళ్ళ బడితోనే పడింది. నాకు ఆ రోజు గెలవడం ఎంత అవసరమో మా పిల్లలకంటే నాకే ఎక్కువ తెలుసు. ఎంపిక చేసే సార్లు ఇద్దరు కుర్చీలు వేసుకుని కూర్చున్నారు. వాళ్ళ పిల్లలు ఇరవై నిమిషాలు ఆ గెంతులన్నీ గెంతారు. మా పిల్లలు వాళ్ళ వైపు, నా వైపు, మార్చి మార్చి చూశారు. నేను ప్రార్థన చేయించి ఈల వేశాను.

రెండో సగంలో మూల నుంచి బంతి పైకి లేచింది. మా అమ్మాయి అందరికన్నా పైకి ఎగిరింది. దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. కుడికాలి మీద దిగింది, మోకాలు లోపలికి పడింది. ఆ చప్పుడు నాకు తెలుసు.

నేను పరిగెత్తాను, నా కాలుతో ఎంత పరిగెత్తగలిగితే అంత. నేను సగం దూరం పోయేసరికే ఆ పిల్ల అక్కడ ఉంది. ఎవరో పెద్దాయన కాలు పట్టి లాగబోతే, "లాగొద్దు నాయనా, కదిలియ్యొద్దు," అని చెయ్యి అడ్డం పెట్టింది. దాని తల కింద తన సంచి పెట్టింది. వాళ్ళ పిల్లల కోసం తెచ్చుకున్న ఐసుగడ్డల డబ్బా తెప్పించి, గుడ్డలో చుట్టి మోకాలికి పెట్టింది. మా అమ్మాయి ఆ పిల్ల చెయ్యి పట్టుకుని ఉంది. నా కూతురు నేల మీద పడి అల్లాడుతుంటే నాకు మొదట కలిగింది ఏమిటో చెప్తాను, నన్ను ఏమైనా అనుకోండి. ఆ చెయ్యి నాది కాదే అని కలిగింది.

ఒంగోలులో స్కానింగు తీసి లిగమెంటు తెగిందన్నారు. ఆపరేషన్ చేయాలి, ఏడాది దాకా ఆట మాట ఎత్తొద్దు అన్నారు. జిల్లా జట్టు సంగతి ఎవరూ ఎత్తలేదు. ఆ పిల్ల మూడు రోజులు వరసగా మా ఇంటికి వచ్చింది. నేను చెప్పాను కదా మేడమ్ అంటుందని ఎదురుచూశాను. అంటే తిట్టి పంపిద్దామని కూడా సిద్ధంగా ఉన్నాను. ఆ పిల్ల పండ్లు కోసి మా అమ్మాయికి పెట్టి, ఆపరేషన్ తర్వాత మొదటి నెలలో ఏ కండను ఎట్లా బిగించాలో చూపించి, పోయొస్తా మేడమ్ అని పోయింది. గదిలో మేమిద్దరమే మిగిలినప్పుడు మా అమ్మాయిని అడిగాను, నా మీద కోపంగా ఉందా అని. "నీ మీద కోపం ఏందిమా," అంది గోడ వైపు తిరిగి.

సోమవారం ఇంట్లో ఆ కట్టు చూస్తూ కూర్చోలేక, ఆరున్నరకే బడికి పోయాను. గ్రౌండులో నా పిల్లలు పదిమందీ రెండు వరసల్లో ఉన్నారు. ఎగురుతున్నారు, దిగుతున్నారు. దిగితే చప్పుడు లేదు. పుస్తకాల సంచులు వరండాలో కుప్పగా ఉన్నాయి. స్కూటీ చప్పుడుకు తిరిగి చూసి, ఎక్కడివాళ్ళు అక్కడే ఆగిపోయారు.

"ఎప్పటి నుంచి?" అన్నాను.

 గోల్ దగ్గర నిలబడే పిల్ల, ఏడో తరగతిది, అందరికన్నా చిన్నది, తల వంచుకుని చెప్పింది.

"దసరా ముందు నుంచి మేడమ్. అక్కే ఆ మేడమ్‌ను అడిగి మా అమ్మ ఫోనుకు వీడియో తెప్పిచ్చింది. మాకు నేర్పిచ్చింది కూడా అక్కే."

అక్క అంటే మా అమ్మాయే.  "మీకు నేర్పింది కదా," అన్నాను. "మరి దాని మోకాలు ఎందుకు పోయింది?"

"అక్క మాతోటి చేయలేదు మేడమ్. మేం చేసినంతసేపూ ఆ గేటు కాడనే నిలబడేది. మీరు మలుపు తిరిగితే ఈల ఏసేది, మేం పుస్తకాలు తీసుకుని కూర్చునేవాళ్ళం."

"రమ్మనలేదా మీరు?"

"రోజూ రమ్మనే వాళ్ళం మేడమ్," అంది ఆ చిన్నది, ఏడుపు ఆపుకుంటూ. "నేను కూడా చేస్తే ఇంక మా అమ్మ పక్కన ఎవురుంటారే, అనింది."